ఇత్తడి బిళ్ల తీసుకోకుండా వైరు ముట్టొద్దు

బాపూ,

ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్ మీద నా కంప్యూటరూ తమ్ముడి కంప్యూటరూ ఒకేసారి నడిపించే రౌటర్ నిన్న మనింటికొచ్చింది. మన క్వార్టర్ల లైనులో ఇదే మొదటిది. ఇక వైరు పీకి అటూ ఇటూ మార్చే పని లేదు. నువ్వుంటే ఒప్పుకునేవాడివి కాదు.

గనిలో మస్టరు రాసీ రాసీ, ఇంట్లో ఇంటర్నెట్టుకీ హాజరు పెట్టినవాడివి నువ్వు. గోడ మేకుకి ఇత్తడి బిళ్ల వేలాడదీశావు. వైరు కావాలంటే బిళ్ల తీసుకోవాలి, పనయ్యాక మళ్లీ మేకుకి తగిలించాలి. గనిలోకి దిగేవాళ్లకున్న నియమమే మాకూ. ఒకసారి నేను బిళ్ల తీసుకోకుండా పరీక్ష ఫలితాలు చూస్తుంటే పట్టుకున్నావు.

"ఏంది బిడ్డా, బిళ్ల లేకుంట దిగినవా? రెండు దినాలు సస్పెండ్!"

"పాసైన బాపూ!"

"గది వేరే ముచ్చట. వైరు పీకు."

నువ్వు పోయిన ఈ ఏడాదిలో ఆ నియమాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వైరు ఎవరు లాక్కుంటే వాళ్లదే. నిన్న రౌటర్ తగిలిద్దామని తమ్ముడు నీ మేకు దగ్గరికెళ్తే బిళ్ల కనిపించలేదు. వాడు నన్ను, నేను వాణ్ని దొంగని చేసి ఇల్లంతా వెతికాం. చివరికి అమ్మ తన తాళాల గుత్తి చూపించింది. బిళ్ల దానికే ఉంది.

"మీ బాపు పోయిన్నాడే నేను తీసిన," అంది. "బిళ్ల మేకుకు లేకుంటే మనిషి ఇంకా గని లోపల్నే ఉన్నట్టు, మస్టర్ల పేరు కొట్టెయ్యద్దు అని మీ బాపే చెప్తుండె. ఆ మేకు జోలికి పోకుండ్రి."

రౌటర్‌కి వేరే మేకు కొట్టాం.