బుచ్చన్నకు అంటగట్టిన జబ్బు

దమ్మామ్, 2013 ఏప్రిల్

ఊర్మిలకు భోజన్న దీవించి రాయునది. ఫోన్‌లో మాట్లాడితే రూమ్‌లో ఎనిమిదిమందీ వింటారని, ఊరికొస్తున్న మహబూబ్ చేతికి ఈ ఉత్తరమిస్తున్నాను.

నా పక్క మంచం బుచ్చన్నకు ఏదో అయింది. గోదాములో పెట్టె కిందపడి చప్పుడైతే చాలు, బల్ల కింద దూరుతున్నాడు. నిద్ర లేదు. దవాఖానాకు పోతే ఫైలులో మనసు జబ్బని రాస్తారని భయం. పనిలో సౌదీవాళ్లు తక్కువున్నారని, స్థానికులకే కొలువులివ్వాలనే నితాఖత్ రూలు కింద మా కంపెనీని ఎర్ర రంగులో వేశారు. ఎవరిని ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుదామా అని చూస్తున్నారు. పైగా డాక్టరు పాకిస్తానీ. ఇలాంటి జబ్బుకు మన మిలిటరీ దవాఖానాలో ఏం మందిస్తారో కనుక్కో.

భోజన్న, మాజీ హవల్దార్

తా.క. బుచ్చన్న భార్య సీతాబాయికి చెప్పొద్దు.

*

దమ్మామ్‌లోని మా ఆయనకు ఊర్మిల దండం పెట్టి రాయునది. ఉండబట్టలేక సీతాబాయికి చెప్పాను. పాపం, లబోదిబోమంది. డాక్టరుకు చూపించుకునేదాకా ఫోనెత్తనని బుచ్చన్నకు గట్టిగా చెప్పేసింది. బుచ్చన్నకు హిందీ రాదు కదా, మీరే వెంట వెళ్లి డాక్టరుకు చెప్పండి. ఏదీ దాచొద్దు.

మీ ఊర్మిల

తా.క. మహబూబ్ తిరిగొస్తూ తాయెత్తు తెస్తున్నాడు. బుచ్చన్న కట్టుకోనంటే మీరైనా కట్టుకోండి.

*

ఊర్మిలకు, తల పట్టుకుని భోజన్న రాయునది. ఎంత పని చేశావే! సీతాబాయి ఫోనెత్తడం లేదని బుచ్చన్న అన్నం మానేశాడు. "నాకేమైందో నాకే తెల్వది, నువ్వే చెప్పరాదే" అని నన్ను క్లినిక్‌కు లాక్కుపోయాడు.

రెండు ముక్కలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. ఆగలేదు. సరిహద్దులో మంచుకొండ, ఫిరంగి షెల్లు పడ్డ పొద్దు, నా పక్కనే పడి మళ్లీ లేవని జవాను గుర్‌మీత్, అన్నీ నోట్లోంచి వచ్చేశాయి. బుచ్చన్న బిక్కమొహం వేశాడు. వాడు జన్మలో ఎక్కిన కొండ కొండగట్టొక్కటే. డాక్టరు కలం పక్కనపెట్టి, బుచ్చన్నను బయట కూర్చోమన్నాడు.

"మా అన్న గూడ ఫౌజే, హవల్దార్ సాబ్. ఆయన మంచం కింద దూరుతడు" అన్నాడు.

ఏడ్చేశాను. జబ్బు నాదే, ఊర్మిలా. వారం వారం రమ్మన్నాడు. కంపెనీకి మాత్రం పని చేయగలడనే రాస్తాడట. అబద్ధమాడినందుకు కోప్పడకు.

నీ భోజన్న

తా.క. తాయెత్తు బుచ్చన్న చేతికి పట్టలేదు. నాకు సరిపోయింది. వాడికి మాత్రం షుగరు బయటపడింది.

*

మా హవల్దార్‌కు ఊర్మిల నవ్వుతూ రాయునది. కోపమెందుకు? మొదటి ఉత్తరంలోనే తెలిసింది. మరిది పెళ్లిలో పటాకులు పేలితే పందిట్లో బల్ల కింద దూరింది బుచ్చన్నా? దవాఖానాకు పోదామని నాలుగేళ్లు బతిమాలితే మిలిటరీ దవాఖానా కార్డు బీరువాలో దాచారు. మీకోసమంటే కదలరు, పక్కవాడి కోసమంటే పరుగెత్తుతారు. అందుకే సీతాబాయికి ఫోనెత్తొద్దని నేనే నేర్పాను. వారం తప్పారో, ఈసారి నేనెత్తను.

మీ ఊర్మిల

తా.క. తాయెత్తు మీ చేతి కొలతకే కట్టించాను.