సంతకం పెట్టని సార్‌కు

సార్‌కు నమస్కారం.

మీరు పోయి వచ్చే వారానికి ఏడాది. కాలేజీ స్టాఫ్ రూములో మీ ఫోటో పెట్టారు. దానికి దండ వేసింది ఎవరో తెలుసా... గణిత విభాగం హెడ్ కుర్చీలోంచి మిమ్మల్ని లేపిన సెక్రటరీ గారే.

నాకింకా కోపం తగ్గలేదు సార్.

నాగపూర్ వైపున్న దుర్గాపూర్ బొగ్గుగనిలో పనిచేసే మనిషి కూతుర్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా పదో తరగతి దాకా మరాఠీలో చదివి, మీ క్లాసులో ఇంగ్లీషు పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునేదాన్ని. కరీంనగర్ నుంచి వచ్చిన మీరు, క్లాసయ్యాక పిలిచి తెలుగులో చెప్పేవారు. "రాకుంటే భయపడకు బిడ్డా. ఏడ ఆగినవో గది చెప్పు, ఆడికెల్లి మొదలువెడదాం." ఎక్కడ ఆగానో అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా మీ ఇంట్లో అమ్మగారి దగ్గర నేర్చుకున్నవే.

డిగ్రీతో చాలన్న మా నాన్నను మీరే మా క్వార్టర్‌కు వచ్చి ఒప్పించారు. నాగపూర్‌లో ఎమ్మెస్సీలో చేరితే, మీ మాట మీద అక్కడి స్టాటిస్టిక్స్ మేడమ్ హాస్టల్ దొరికేదాకా నన్ను తన ఇంట్లో ఉంచుకున్నారు. మీరిద్దరూ లేకపోతే నేనేమయ్యేదాన్నో...

ఆ చదువుతో మన కాలేజీకే లెక్చరర్ ఇంటర్వ్యూకి వచ్చాను. బోర్డు మీద లెక్క పూర్తి చేశాను. నా తర్వాత వచ్చిన, కాలేజీ మేనేజ్‌మెంట్ ప్రెసిడెంటు గారి మేనల్లుడు సగంలోనే సుద్దముక్క కింద పెట్టేశాడు. ఉద్యోగం అతనికే ఇచ్చారు. ఎంపిక కాగితం మీద కమిటీలో అందరూ సంతకం చేశారు, మీరు తప్ప.

హెడ్ పదవి తీసేశారు. మీ క్లాసులు వేరేవాళ్లకు పంచి, మిమ్మల్ని లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి వేశారు. నేను ఏడుస్తూ మీ ఇంటికొస్తే కసిరారు. "నీ కోసం చేసిన్ననుకుంటున్నవా? గా పిలగానికి లెక్క రాదు. రాదని తెల్సి సంతకం పెడితే, రేపు పిల్లల మొకం ఎట్ల చూడాలె?"

ఆ పిల్లల మొహం చూడటానికి మీకు క్లాసే లేకుండా చేశారు కదా సార్... ఆ లైబ్రరీలోనే మీ గుండె ఆగిపోయింది.

సంతాప సభలో సెక్రటరీ గారు మీరు మెత్తని మనిషని, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరని అన్నారు. నేను లేచి, జరిగింది జరిగినట్టు మరాఠీలో చెప్పాను. మైకు ఆపేశారు. గొంతు పెంచి చెప్పాను. మీతో ఇన్నేళ్లు టీ తాగినవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. బయట గేటు దగ్గర మాత్రం ఇద్దరు వచ్చి నా చేయి పట్టుకున్నారు... ముందు అటూ ఇటూ చూసుకుని.

ఈ జూన్‌లో గణితం అడ్మిషన్లు ఆపేశారు. మన క్లాసురూములో కార్పెట్ పరిచి కంప్యూటర్ కోర్సు తెరిచారు. కాలం మారింది, ఇప్పుడివే చదువులు అంటున్నారు. దానికి ఇన్‌చార్జి ఎవరనుకున్నారు? ఆ మేనల్లుడే. నేను బజారులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో టైపింగు నేర్పుతున్నాను. సభలో నేను మాట్లాడిన సంగతి ఊళ్లో కాలేజీలన్నిటికీ చేరింది, ఉద్యోగానికి ఎవరూ పిలవరు. మాట్లాడినందుకు నాకు బాధ లేదు. నాన్నే నాతో మాటలు తగ్గించారు.

ఒక్క సంతకం పెట్టి ఉంటే మీరింకా ఉండేవారేమో... అమ్మగారు నన్ను ఇదే అడుగుతారు. ఏం చెప్పమంటారు?

ఏడాది సభకు నన్ను పిలవలేదు. పిలిచినా వెళ్లను. కానీ నా దగ్గరికొచ్చే పిల్లలు మీ గురించి అడిగితే, మంచి సార్ ఉండేవారని చెప్పి ఊరుకోను. మీరు ఏ పని చేయనన్నారో, అందుకు మిమ్మల్ని ఏం చేశారో, ఎవరు చేశారో పేర్లతో సహా చెబుతాను.

మీ విద్యార్థిని,
సుజాత