ఇలోనా వదిన గారి ఎర్రకూర

జాలరిపేట, విశాఖపట్నం
2024 నవంబరు 12

ఇలోనా వదిన గారికి,

మీ వియ్యపురాలు పోతమ్మ దండాలెట్టి రాయడమేటంటే, ఇక్కడ అందరం బాగున్నాం, సముద్రం కూడా నెమ్మదిగానే ఉంది. మీ హంగేరీలో సలి ముదిరిపోనాదని మా కోటి సెప్పాడు. ఒళ్ళు జాగర్త. ఈ కాయితం ఫొటో తీసి పంపుతన్నాను. మీ ఫోనే మీ బాసలోకి తిప్పి సదువుతాదంట. ఎలా తిప్పుతాదో ఏటో, తప్పుంటే దానిదే.

కోటే రాయమన్నాడు. ఎస్తేరు ఇప్పుడు బాగా తింతంది, అత్తగారు బెంగెట్టుకోవద్దు, పిల్లని పిలిపించుకోడానికి టిక్కెట్టు కొనొద్దు, నువ్వు రాస్తే నమ్ముతారమ్మా అన్నాడు. తింతందన్న మాట నిజమే.

ఓడ మీద పనిసేసినప్పుడు కోటి మీ పిల్లని సేసుకుని తెచ్చాడు. వచ్చిన రోజు నుంచీ నా ఎనకాలే తిరిగీది. కానీ కడుపు పండాక, ఐదో నెలొచ్చినా వేవిళ్ళు తగ్గనేదు. పొద్దున్నే నాను సేపల తట్ట దించితే సాలు, ఆ వాసనకి వాంతి. మాది సేపలమ్ముకునే ఇల్లు, వాసనెక్కడ దాస్తాను? సబ్బెట్టి తానం సేసొచ్చినా నా సేతులు పసిగట్టీది. సెంపలు లోపలికి పోనాయి. అందుకే ఆ ఆదివారం మీకు వీడియో కాల్ సేసి, పిల్లకి ఇష్టమైన కూరేటని కోటి సేత అడిగించాను.

మీరు సెప్పింది ఇని మా ఆయన పోలిరాజు దిగ్గున లేచాడు. గంగమ్మకి మొక్కి వేటకెళ్ళే ఇంట్లో పెద్దకూరేటి అన్నాడు. ఇంట్లో కాదు, పెరట్లో వండుతాను, దాక కూడా మనది కాదు అన్నాను. పడవ కాడికెళ్ళిపోనాడు. నానూ పుట్టి బుద్ధెరిగాక అది ముట్టనేదు వదినా. నా కాడ సేపలు కొనే రజియాబీ గేదె మాంసం తెప్పించి, తన దాక ఇచ్చి, తప్పేటి పోతమ్మా, కడుపుతో ఉన్నదాని నోరది అంది.

ఇంక ఫోన్లో సూసి వండించింది మీరే. ఉల్లిపాయలు మెత్తబడి మెరిసేదాకా కలపమన్నారు, నానైతే ఎప్పుడో ఎర్రగా వేపీసీదాన్ని. మీ పిల్ల పెట్టెలో తెచ్చుకున్న ఎర్ర మిరపపొడి ఎయ్యకముందే దాక దింపమని సెయ్యి ఊపారు, మాడితే సేదని మూతి వంకర సేసి సూపించారు. సెంబుడు నీళ్ళు పొయ్యబోతే నెమ్, నెమ్ అని అరిసారు సూడండి, ఈదంతా ఇన్నాది! మీ బాసలో నాకొచ్చిన మాట అదొక్కటే. ఇప్పుడు కోళ్ళని తోలినా నెమ్ అనే తోలుతన్నాను.

మధ్యాన్నం దాటాక ముక్క ఉడికింది. ఎస్తేరు పెరటి గడప మీదే కూకుని అన్నంలో కలుపుకుంది. మళ్ళీ అడిగి ఏయించుకుంది. వాంతి అవనేదు. సందేళ పోలిరాజు వచ్చి పెరటి కాడే నిలబడి, పిల్ల తిందా అన్నాడు. తింది అన్నాను. అయితే మళ్ళీ వండు అని కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు.

ఇప్పుడు పిల్ల మొకంలో కళొచ్చింది. బిడ్డ బాగా కదులుతందని డాట్రమ్మ సెప్పింది.

ఇట్లు,
మీ వియ్యపురాలు
పోతమ్మ

తా.క.: వదినా, పైదంతా కోటి సదివాడు. ఇది ఆడు పనికెళ్ళాక రాత్తన్నాను. టిక్కెట్టు కొనండి. ఏడో నెల రాకముందే కొనండి. పిల్లని ఇక్కడే ఉంచుకోడానికి వండానని కోటి అనుకుంతన్నాడు. ఎస్తేరూ అదే అనుకుని పుట్టింటి మాటెత్తడం మానేసింది. నాను వండింది పిల్లకి విమానమెక్కే సత్తువ రావాలని. ఆ రోజు పిల్ల కడుపునిండా తిన్నాక గోడవైపు తిరిగి పడుకుని, అన్యూ, అన్యూ అంది. ఆ మాటకి అర్థం నాను ఎవర్నీ అడగనేదు. కోటి నా కడుపులో ఉండగానే మా అమ్మ పోనాది. మా అత్త బంగారం. అయినా నొప్పులప్పుడు అమ్మా అని పిలిసి, పలికే మనిషి నేక గోడ పట్టుకున్నాను. కోటితో గొడవ నాను పడతాను. మీరు ఎదురెళ్ళి పిల్లని అందుకోండి.