నిద్రపోని డ్రైవర్ కూతురు

జూలై 9, మంగళవారం

మా అమ్మాయి పిట్ట స్కూల్లో జారుడుబల్ల మీంచి పడింది. తల వెనక దెబ్బ. పడ్డాక కాసేపు ఎవర్నీ గుర్తుపట్టలేదట. టీచరు ఫోన్ చేసేసరికి నేను రాత్రి బస్సు ట్రిప్పు దిగి స్నానం చేస్తున్నాను. ఒంటిమీద సబ్బు పూర్తిగా పోయిందో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తాను.

స్కాన్ బాగానే వచ్చింది. కన్‌కషన్ అంది డాక్టరమ్మ. మెదడు బాగా కుదుపుకి గురైందని, లోపల రక్తం ఏమీ లేదని, దీనికి నిద్రను మించిన మందు లేదని చెప్పింది. టీవీ వద్దు, ఫోన్ వద్దు, పరుగులు వద్దు. తలనొప్పి, వాంతులు, నిద్ర అన్నీ ఎక్కడైనా రాసి పెట్టమంది. టైర్ల షాపువాడు ఇచ్చిన డైరీ ఖాళీగా పడుంటే ఇందులో రాస్తున్నాను. డాక్టరుకి అక్కర్లేనివి కూడా రాసేస్తున్నాను. చూపించేటప్పుడు నోటితో చెప్తే సరిపోతుంది.

ఆవిడ చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. పడుకున్న పిల్లని లేపితే లేవకపోతే, చెప్పులు కూడా వెతుక్కోకుండా తీసుకొచ్చెయ్యండి అంది.

జూలై 10, బుధవారం

పిట్ట నిద్రపోలేదు. కళ్ళు మూసుకుంటుంది, వెంటనే తెరుస్తుంది. తల నొప్పిగా ఉందా అంటే ఉందంటుంది. మరి పడుకోవే అంటే తల అడ్డంగా ఊపబోయి, నొప్పికి ఆగిపోతుంది.

ఇరవయ్యో తారీఖు దాకా సెలవు పెట్టాను. మా ఆవిడ సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్, ఆమెకి సెలవు దొరకలేదు. సాయంత్రం ఆమె వచ్చాక అత్తగారి ఫోన్. తలకి దెబ్బ తగిలిన పిల్లని నిద్రపోనివ్వకూడదమ్మా, మా కాలంలో చెంపలు వాయించి మరీ మేలుకోబెట్టేవాళ్ళం అని స్పీకర్‌లో. పిట్ట కళ్ళు ఇంతింత చేసుకుని వింది. ఫోన్ పెట్టాక నేనూ మా ఆవిడా పోట్లాడుకున్నాం. పిల్ల వినకూడదని గుసగుసల్లో. మీ అమ్మ నోరు అని నేను, మా అమ్మ జోలికి రావద్దని ఆమె. అరవకుండా పోట్లాడితే కోపం తీరదు, లోపలే ఉండిపోతుంది.

జూలై 11, గురువారం, మధ్యాహ్నం

రెండుసార్లు వాంతి. మళ్ళీ ఆసుపత్రికి. దారంతా గుండె గుప్పిట్లో పెట్టుకుని పక్కింటివాళ్ళ కారు నడిపాను. ఇన్నేళ్ళుగా యాభైమందిని ఎక్కించుకుని నడిపినవాణ్ణి, ఒక్క పిల్లని వెనక కూర్చోబెట్టుకుంటే స్పీడు ఇరవై దాటించలేకపోయాను.

కళ్ళలో టార్చి వేసి చూశారు. గీత మీద నడిపించారు. కొత్తగా ఏమీ లేదట. కానీ నిద్ర లేకపోతే మెదడు తేరుకోదు, నొప్పి పెరుగుతుంది, వాంతులూ అవ్వొచ్చు అంది డాక్టరమ్మ. నిద్రమాత్ర ఇవ్వండి అని అడిగాను. ఇవ్వనంది. ఇస్తే మత్తు ఏదో, ప్రమాదం ఏదో తేడా తెలియదట. సోమవారం దాకా చూద్దాం, ఇలాగే ఉంటే అడ్మిట్ చేసుకుంటాం అంది.

పిట్ట నా చొక్కా పట్టుకుని అంతా వింటోంది.

జూలై 12, శుక్రవారం

తప్పు అత్తగారిది కాదు.

దుప్పటి మార్చబోతే దిండు కింద లవంగాలు దొరికాయి. నాలుగు నమిలినవి, గుప్పెడు నమలనివి. పిట్ట మెడ వెనక జుట్టు తడిగా ఉంది. ఎడమ కాలు దుప్పట్లోంచి బయటికి తీసి చల్లటి గచ్చుకి ఆనించి పెట్టింది. చెవి తమ్మె ఎర్రగా కందిపోయింది.

అవన్నీ నావే. నాలుక కింద లవంగం, మెడ మీద తడిగుడ్డ, చెప్పు విడిచిన ఒంటికాలు, నిద్ర ముంచుకొస్తే చెవి తమ్మె గిల్లుకోవడం. రాత్రి బండ్లు తోలేవాడి విద్యలు. అన్నం తినేటప్పుడు పిట్టకి కథలుగా చెప్పాను. నువ్వు గ్రేట్ నాన్నా అంటే ఇంకా రెండు కలిపి చెప్పాను.

ఎందుకమ్మా ఇలా చేస్తున్నావ్ అని అడిగాను. కళ్ళు మూసుకుంటే గది గిర్రున తిరుగుతోందంది. పట్టుకోకపోతే పడిపోతాను కదా నాన్నా, కన్ను మూస్తే బండీ పోతుంది మనమూ పోతాం అని నువ్వే కదా చెప్పావ్ అంది. మూడు రోజులుగా పిల్ల స్టీరింగ్ వదలడం లేదు.

నా గొప్పలు నా పిల్ల మెడకి చుట్టుకున్నాయి.

లవంగాలు పారేశాను. మా ఆవిడకి చెప్పాను. మీ అమ్మని అన్నందుకు సారీ అన్నాను. ఆ ముక్క ఆవిడకే ఫోన్ చేసి చెప్పమంది.

జూలై 13, శనివారం

పొద్దున్నుంచీ చెప్తున్నాను. ఇది బండి కాదమ్మా, మంచం. మంచం ఎక్కడికీ పోదు. వింటుంది, తలూపుతుంది, పడుకోదు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. గ్లాసు పట్టుకుంటే చెయ్యి నిలవడం లేదు. రెండిళ్ళ అవతల ఎవరో తలుపు వేస్తే చెవులు మూసుకుని ఏడ్చింది.

పోనీ దాని దారిలోనే వెళ్దామని ఇద్దరు డ్రైవర్ల సంగతి ఎత్తాను. దూరం బండికి ఇద్దరుంటారు కదా, ఒకడు నడుపుతుంటే రెండోవాడు వెనక బెర్తులో పడుకుంటాడు, అలా పడుకోవడం కూడా డ్యూటీయే, ఇప్పుడు నీ డ్యూటీ అదే, బండి నేను చూసుకుంటాను అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిట్ట నన్ను జాలిగా చూసింది. నువ్వెప్పుడూ పడుకోవుగా నాన్నా, కునుకు అంకుల్ నడిపినప్పుడు కూడా మేలుకునే ఉంటావుగా అంది.

నిజమే. నా జోడీ డ్రైవర్‌ని డిపోలో అందరూ కునుకు అంటారు. బెర్తులో నడుం వాల్చీ వాల్చకముందే గురక. నేను మాత్రం వాడు నడిపినంతసేపూ బెర్తులో కళ్ళు తెరుచుకుని బ్రేకులు లెక్కపెట్టేవాణ్ణి. ఇంకొకడి చేతిలో బండి పెట్టి నిద్రపోయే రకం కాదు నేను అని ఇంట్లో ఎన్నిసార్లు కాలరెగరేశానో.

కునుకుకి ఫోన్ కలిపి పిట్టకిచ్చాను. వాడు దానితో చాలా తక్కువ మాట్లాడాడు. తర్వాత నేను దానికేం చెప్పావురా అంటే, ఉన్నదే చెప్పానన్నా, మీ నాన్న పక్కన లేని రోజు నాకు నిద్ర పట్టదు పాపా, ఆయన చేతిలో బండుంటే నేను హాయిగా పడుకుంటాను, కానీ ఆయనకే నా మీద నమ్మకం లేదు అని చెప్పాను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు చురుక్కుమంది.

ఫోన్ నా చేతికిస్తూ పిట్ట అంది, అయితే ముందు నువ్వు పడుకో.

జూలై 14, ఆదివారం, సాయంత్రం 5.40

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

భోజనం అయ్యాక కర్టెన్లు వేశాను. మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. పిట్ట మంచం మీద నేను వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాను. గురక కూడా పెట్టాను. అది నా కనురెప్ప పైకి లాగి చూసి, నాటకాలు ఆడకు నాన్నా అంది. మళ్ళీ మూసుకున్నాను. పిట్ట పక్కన కూర్చుని నెమ్మదిగా ఊగుతోంది. నేను నిద్రపోతే ఇది లేచి పడిపోతుందేమో, వాంతి వస్తే ఎవరు చూస్తారు, ఇలా ఒకటి తర్వాత ఒకటి. ఒంట్లో ఏ నరమూ వదలడం లేదు. ఇంతలో అది నా గుండె మీద చెయ్యి వేసి, నేను చూసుకుంటాలే అంది. వీధిలో ఎవరో సైకిల్ బెల్ కొట్టారు. అంతవరకే గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి కర్టెన్ సందులోంచి పడే ఎండ అవతలి గోడకి పోయింది. పిట్ట నా పక్కన గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, దిండు మీద చొంగ కారుతూ. ఎంత సంతోషం వేసిందో రాయలేను.

అది ఎంతోసేపు నిలవలేదు. ఎప్పుడు పడుకుంది? నాకు తెలియదు. నేనూ నిద్రపోయాను కదా. పేరు పెట్టి మెల్లగా పిలిచాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి ఆడుతోంది. లేపితే లేవకపోతే అన్న డాక్టరమ్మ మాట తప్ప బుర్రలో ఇంకేం లేదు. లేపి చూడాలంటే భయం. లేస్తే, ఇన్ని రోజులకి పట్టిన నిద్ర పాడుచేసినవాణ్ణవుతాను. లేవకపోతే?

ఆసుపత్రికి ఫోన్ చేశాను. వార్డు సిస్టర్ అంతా విని, కూర్చోబెట్టక్కర్లేదండీ, భుజం పట్టుకుని కదపండి, విసుక్కుంటే అది నిద్రే, వదిలెయ్యండి, ఏమీ అనకపోతే చెప్పండి అంబులెన్స్ పంపిస్తాను, నేను లైన్‌లోనే ఉంటాను అంది.

భుజం కదిపాను. ఏమీ లేదు.

మళ్ళీ కదిపాను. తల మెత్తగా అటు దొర్లింది, అంతే. అమ్మా అన్నాను. ఫోన్‌లో సిస్టర్ ఏదో అడుగుతోంది, వినబడలేదు. కాలు పట్టుకుని లాగాను.

ఛాతీ మీద ఒక్క తన్ను తన్నింది. కళ్ళు తెరవకుండానే, నా టైమ్ ఇంకా అవ్వలేదు, నువ్వెళ్ళి నడుపు అని, దుప్పటి మొత్తం తన వైపు లాక్కుంది.

సిస్టర్‌కి వినబడినట్టుంది, నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

జూలై 15, సోమవారం

రాత్రి కూడా పడుకుంది. తలనొప్పి తగ్గింది. వాంతులు లేవు. అడ్మిట్ అక్కర్లేదంది డాక్టరమ్మ. ఇంకో రెండు వారాలు ఇలాగే నిద్ర పట్టాలట. ఏం చేశారు అని అడిగింది. పడుకున్నానండీ అన్నాను.

జూలై 17, బుధవారం

కళ్ళు మూసుకుంటే ఇంకా కొంచెం తిరుగుతోందట. నేను పక్కన పడుకుంటే తిరగడం లేదట. నేను నిజంగా నిద్రపోయానో లేదో రెప్ప ఎత్తి చూస్తోంది. మా ఆవిడ కూడా చూస్తోంది.

జూలై 19, శుక్రవారం

డిపో నుంచి ఫోన్. రేపటితో కదా నీ సెలవు అయ్యేది, ఒకడు రాలేదు, ఈ రాత్రికే బండెక్కు అన్నాడు కంట్రోలర్. నిద్ర సరిపోలేదండీ, ఎక్కను అన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ మాట నా నోట రావడం ఇదే మొదటిసారి. తాగావా అని అడిగాడు.

పిట్ట గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

లేదండీ, నిద్రొస్తోంది అన్నాను. అది వినేలా, కాస్త గట్టిగానే.