పద్దెనిమిదో తేదీ, ఉదయం పది గంటలకు

2వ తేదీ, సోమవారం. ఉదయం 8:40

తీర్మానం చేసేశాను! ఇవాళ్టి నుంచి ఇరవై ఒక్క రోజులు ఆఫీసు ఇంగ్లీషు నా నోట రాదు. లిఫ్ట్ చెడిపోయిందని ఎవరు ఫోన్ చేసినా, మెకానిక్ వచ్చే రోజు, గంట చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్ ఎత్తే మనిషికి అంతకంటే పనేముంది?

మానేయవలసినవి:

టాప్ ప్రయారిటీ. నిన్నమొన్నటిదాకా రోజుకు పదిహేడు మందికి ఇదే చెప్పాను. పదిహేడు మందీ పైనే ఉంటే కింద ఉన్నది ఎవరో?

పైప్‌లైన్‌లో ఉంది. ఆ పైపుకి అవతలి కొస ఎవరూ చూడలేదు.

నా ప్లేటు నిండా పనే. ఇది మా మేనేజరు మాట. అతని ప్లేటులో నేను చూసినవి రెండు బిస్కెట్లు.

బ్యాండ్‌విడ్త్ లేదు. అంటే తీరిక లేదట. బుద్ధి లేదనడానికి నాజూకు మాట.

ఆన్ ట్రాక్. అనుకున్నట్టే జరుగుతోందని పైకి, ఇంకా మొదలే పెట్టలేదని అర్థం.

ఈఓడీ. ఎండ్ ఆఫ్ డే, అంటే రోజు ముగిసేలోగా. ఏ రోజు అని మాత్రం అడగకూడదు. మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు కూడా ఇదే.

సాయంత్రం 6:15

ఒక్క తప్పు లేదు! మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన బస్సు డ్రైవరు. బస్సు ఆలస్యమైతే జనం ఆయన్ని మొహం మీదే తిడతారట, మేం ఫోన్ చాటున ఉండబట్టి బతికిపోతున్నామట. మెచ్చుకోలంటే ఇదీ.

3వ తేదీ, మంగళవారం

లెక్కల టీచరమ్మ ఫోన్. రిటైరయ్యారు. ఐదో అంతస్తులో ఒక్కరే ఉంటారు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగలేరు. లిఫ్ట్ ఆగి నెలన్నర. పంతొమ్మిదో తేదీ ఉదయం ఎనిమిదింటికి కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయిందట, ఉన్న ఒక్కటీ మసకబారుతోంది. ఇప్పటికి ఏడుసార్లు ఫోన్ చేశారట. ఏడుసార్లూ టాప్ ప్రయారిటీ. అందులో నాలుగు నా ఘనతే.

ఈసారి సూటిగా చెప్పాను. కావలసిన మోటారు పదిహేడున వస్తుంది, మాకు మెకానిక్‌లు ఇద్దరే, పద్దెనిమిదో తేదీ ఉదయం పది గంటలకు వస్తారు. 

"రోజు చెప్పింది నువ్వొక్కదానివేనమ్మా. రాసుకుంటాను" అన్నారు.

ఎంత హాయిగా ఉందో! నిజం చెప్పడం ఇంత తేలికా? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

9వ తేదీ, సోమవారం

ఎందుకు చెప్పలేదో ఇవాళ తెలిసింది.

మీటింగులో ఫలానా అపార్ట్‌మెంటు పని ఎంతవరకు వచ్చిందని ఈఓడీ అడిగాడు. మొదలుపెట్టలేదన్నాను. అందరూ తలలు దించుకున్నారు. తర్వాత గదిలోకి పిలిచి, కస్టమర్లకి తేదీలు ఇవ్వొద్దన్నాడు. తేదీ ఇస్తే వాళ్ళు గుర్తుపెట్టుకుంటారట! మహానుభావుడు. నెలాఖరున నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలని కూడా గుర్తుచేశాడు. అదొక్కటి మాత్రం అతనికి తేదీతో సహా గుర్తుంది.

12వ తేదీ, గురువారం

బ్యాండ్‌విడ్త్ లేదన్నాను. ఒక్కసారే. అదీ కొరియర్ అబ్బాయితో. అతను కస్టమర్ కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

13వ తేదీ, శుక్రవారం

మూడు తప్పులు. రెండు ఈఓడీ పక్కన నిలబడినప్పుడు. బలవంతంగా నా చేత అనిపించినవి తప్పులా?

మూడోది ఇంట్లో. మా ఆయన తలనొప్పి మాత్ర ఎక్కడుందని అడిగితే, ఐదు నిమిషాల్లో అప్‌డేట్ ఇస్తానన్నాను. ఆయనే లేచి వెతుక్కున్నారు.

17వ తేదీ, మంగళవారం. ఉదయం 9:20

మోటారు వచ్చింది! చెప్పిన రోజుకే!

9:45

రేపు మెకానిక్‌లిద్దరూ కొత్త షాపింగ్ కాంప్లెక్సుకి వెళ్ళాలట. ఎల్లుండి దాని ప్రారంభం. టీచరమ్మ లిఫ్టు 'బ్యాక్ బర్నర్' మీద పెడుతున్నాడట ఈఓడీ. వెనక పొయ్యి! ఆ పొయ్యి వెలిగించినవాడు ఈ ఆఫీసులో ఇంతవరకు పుట్టలేదు. ఆవిడకి ఆపరేషన్ ఉందని చెప్పాను. అయితే అసలు చెప్పొద్దు, గొడవ చేస్తుందన్నాడు. నా కాంట్రాక్టు కాగితాలు తన బల్ల మీదే ఉన్నాయన్నాడు.

11:05

టీచరమ్మే ఫోన్ చేశారు. ఎందుకైనా మంచిదని మేనల్లుడు నలుగురు మనుషుల్ని మాట్లాడి ఉంచాడట. కుర్చీలో కూర్చోబెట్టి ఐదంతస్తులూ మోసుకుని దించుతారట.

"ఈ వయసులో నలుగురి చేత మోయించుకోవాలంటే సిగ్గుగా ఉందమ్మా. రేపు లిఫ్ట్ బాగవుతుందంటే వాళ్ళని వద్దంటాను. నువ్వు చెప్పు, ఉంచనా, వద్దననా?"

నోరు తెరిచాను. గాజు తలుపు అవతల ఈఓడీ నిలబడి చూస్తున్నాడు.

"ఆన్ ట్రాక్, మేడమ్" అన్నాను.

"నువ్వన్నావు కదా, వద్దనేస్తాను."

11:10

ఇది అబద్ధం కాదు. మెకానిక్‌లు రేపు సాయంత్రానికైనా ఖాళీ కావచ్చు. అయినా మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి అసలు సంగతి చెబుతాను.

4:30

చేయలేదు. తల గోక్కునే తీరిక లేదు. కనీసం ఇదైనా తెలుగు.

18వ తేదీ, బుధవారం

పది గంటలు. ఎవరూ వెళ్ళలేదు. ఫోన్ నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ నేను టీ తాగడానికి వెళ్ళాను. ఐదోసారి పక్క సీటు అమ్మాయి ఎత్తి, పైప్‌లైన్‌లో ఉందని చెప్పింది. ఆ పిల్లని తిట్టబోయాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

సాయంత్రానికి కూడా మెకానిక్‌లు ఖాళీ కాలేదు.

19వ తేదీ, గురువారం

టీచరమ్మ మేనల్లుడి ఫోన్. ఆ నలుగురూ వేరే ఎవరిదో ఇంటి సామాను మోయడానికి ఒప్పేసుకున్నారట. ఇంకెవరూ దొరకలేదు. ఎనిమిదింటికి టీచరమ్మ ఐదో అంతస్తులోనే ఉన్నారు. ఆస్పత్రివాళ్ళు నలభై రోజుల తర్వాతికి తేదీ ఇచ్చారు. అప్పటిదాకా ఆ కన్ను ఎలా ఉంటుందో డాక్టరు చెప్పలేనన్నాడట.

సాయంత్రం ఈఓడీ కేకు కోశాడు. షాపింగ్ కాంప్లెక్సు డెడ్‌లైన్‌ని కొట్టేశామట! నాకూ ఒక ముక్క పెట్టాడు. తిన్నాను. సిగ్గులేనిదాన్ని.

23వ తేదీ, సోమవారం. ఉదయం 8:50

తీర్మానం మళ్ళీ మొదలు. మొదటి రోజు. మెకానిక్‌ని నేనే పట్టుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి వెళ్తానన్నాడు.

9:00

టీచరమ్మకి ఫోన్ చేశాను. మంగళవారం మీరు అడిగేసరికే మెకానిక్ రాడని నాకు తెలుసు, తెలిసే వస్తాడన్నట్టు చెప్పాను, అన్నాను. ఈఓడీ విన్నాడు. విననీ.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందని మాత్రం అడిగారు. ఇవాళ మూడింటికి మెకానిక్ వస్తాడు, అతనితో నేనే మాట్లాడాను, అన్నాను.

"రానీ అమ్మా. ఆ నలుగురికీ మాత్రం ఇప్పుడే చెప్పి పెట్టాను. లిఫ్ట్ బాగైనా సరే, ఈసారి ఆపరేషన్‌కి వాళ్ళే దించుతారు" అన్నారు.