అన్నీ ఒక్క సీడీలోనే

నవంబర్ 5, 2006, ఆదివారం, అరకు

ఈ రోజుతో పాత ఐజాక్ సరి. రేపటి నుంచి కొత్త ఐజాక్!

కారణం సిస్టర్ ఫ్లోరెన్స్. పెదబయలు పైన కొండ ఊళ్ళో మిషన్ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. పూజ అయ్యాక గుడి మెట్ల మీద అందరి ముందూ అడిగింది. "ఐజాక్, నీకు తలనొప్పి వచ్చినా ఫార్మాట్ కొట్టేస్తావా?" అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడ సుజానా.

ఒప్పుకుంటాను. నాది కంప్యూటర్ రిపేరు షాపు. ఎవరి సిస్టమ్ మొరాయించినా నా దగ్గర మందు ఒకటే, డిస్కంతా తుడిచేసే ఫార్మాట్. విండోస్ కొత్తగా వస్తుంది, ఫొటోలు పోతాయి, వాటితోపాటు కస్టమరూ పోతాడు.

అందుకని ప్రతిజ్ఞ:

1. ఎవరి సిస్టమూ ఇక ఫార్మాట్ చేయను.

2. విండోస్ తెరుచుకోకపోతే సిస్టమ్‌ను సీడీ మీద నుంచే లేపి బాగుచేసే టూల్స్ ఉన్నాయి. నా సంచిలో అలాంటి సీడీలు పన్నెండు. మెమరీ పరీక్షకి ఒకటి, వైరస్‌కి ఒకటి, పార్టిషన్లకి ఒకటి, ఇంకా ఏవేవో. కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అవన్నీ కలిపి ఒకే సీడీ చేస్తాను. పెట్టగానే మెనూ రావాలి, నంబర్ నొక్కగానే పని జరగాలి.

3. అది తయారయ్యేదాకా సంచి ముట్టను.

సంచి బీరువా మీదికి ఎక్కించాను. మనసు ఎంత తేలికగా ఉందో!

నవంబర్ 8

సిస్టర్ ఫోన్. స్కూలు ఆఫీసు కంప్యూటర్ లేవడం లేదట. నల్లటి తెర, మూలన గీత కొట్టుకుంటూ ఉందట.

అందులో యేసురత్నం తాత పాటలున్నాయి. తాత ఉపదేశి. కొండ ఊళ్ళు తిరిగి కువి భాషలో క్రిస్మస్ పాటలు కట్టినవాడు. వేసవిలో సిస్టర్ ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టి పాడించింది. తర్వాత ఆయన గొంతుకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మాటే రాదు. ఆ పాటలు ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. క్రిస్మస్‌కి పిల్లలు వాటిని విని నేర్చుకోవాలి.

"ఉన్న సీడీలు పట్టుకుని వచ్చేయ్ ఐజాక్."

"లేదు సిస్టర్, ఒక్క వారం. ఒకే ఒక్క సీడీతో వస్తాను, చూడండి."

అవతల నిట్టూర్పు వినిపించింది. చూపిస్తాను, ఐజాక్ అంటే ఎవరో!

నవంబర్ 10

సర్వీసు జీపు నడిపే రవికుమార్ సాలూరు నుంచి ఖాళీ సీడీలు తెచ్చాడు. పెద్ద డబ్బా!

పన్నెండు సీడీల ఇమేజ్ ఫైళ్ళూ, అంటే పూర్తి నకళ్ళు, ఎప్పుడో హార్డ్‌డిస్కులో దాచుకున్నాను. వాటిని ఒక సీడీలోకి ఎక్కించాను. పెట్టాను. 'సిస్టమ్ డిస్క్ పెట్టండి' అంది తెర. పెట్టాను కదే తల్లీ!

సుజానా తొంగిచూసింది. "బియ్యం, పప్పు, కూర ఒకే గోనెలో పడేసి వంటయిపోయిందంటే ఎలాగండీ?"

బళ్ళో టీచరు కదా, ఆ బుద్ధి. పాడైన ఆ సీడీ మీద తేదీ, తప్పు మార్కరుతో రాసి పక్కన పెట్టాను. అంతా శాస్త్రీయ పద్ధతిలో!

నవంబర్ 13

మెనూ వచ్చింది!!! గట్టిగా కేక వేశాను. కుక్క మొరిగింది.

ఒకటి నొక్కాను, మెమరీ పరీక్ష. మంచిదే. రెండు నొక్కాను, మెమరీ పరీక్ష. అయిదు. అదీ మెమరీ పరీక్షే.

అమ్మ (తెరిసమ్మ, పొలం నుంచి అప్పుడే వచ్చింది) నీలం తెర చూసి నిలబడిపోయింది. "ఏటి సేత్తందిరా అది?"

"లెక్క పెడుతోందమ్మా."

"ఏటి లెక్క? నువ్వెక్కడ తప్పు సేసేవోనా?"

సీడీ మీద తేదీ, తప్పు రాశాను.

నవంబర్ 16

సీడీ రాస్తుండగా కరెంటు పోయింది. నేను చేసిన తప్పేమీ లేదు. 'కరెంటు' అని రాశాను.

నవంబర్ 18

ఇంకో సమస్య. అన్నీ కలిపితే 702 ఎంబీ. సీడీలో పట్టేది 700. ఏది తీసేయాలి? వైరస్ స్కానరా? విండోస్ లేకపోయినా సీడీ మీద నుంచే నడిచే లినక్సా? పిల్లల్లో ఎవరిని వదిలేయమంటే ఏ తండ్రి చెబుతాడు?

"ఆ మెనూ ఎనకాల మీ ఫొటో ఎంతుందండీ?" అంది సుజానా.

జలపాతం ముందు నల్లకళ్ళద్దాలతో తీయించుకున్న ఫొటో. నాలుగు ఎంబీ.

తీసేశాను. బాధగానే ఉంది.

నవంబర్ 21

అయ్యింది! అయ్యింది! అయ్యింది!

ఏ నంబర్ నొక్కితే ఆ టూలే వస్తోంది. సుజానాకి చూపించాను. అమ్మకి చూపించాను. పాలు పోయడానికి వచ్చిన సోములమ్మకి కూడా చూపించాను. "బాగుంది బాబూ, సినిమా ఎప్పుడొత్తాది?" అంది.

ఆనందంలో నాలుగో నంబర్‌ను నా సొంత సిస్టమ్ మీదే ప్రయత్నించాను. డిస్కును భాగాలుగా విడగొట్టే పార్టిషన్ టూలు. అద్భుతంగా పనిచేసింది. నా పార్టిషన్ మొత్తం పోయింది, ఇమేజ్ ఫైళ్ళతో సహా. పర్లేదు. సీడీ ఉందిగా!

దాని మీద చెత్త రాతతో పేరు రాయబుద్ధి కాలేదు. రేపు మంచి పెన్ను కొని ముత్యాల్లా రాస్తాను. తప్పులు రాసిన సీడీల పక్కనే బల్ల మీద పెట్టాను.

నవంబర్ 22

సీడీ లేదు.

బల్ల కింద లేదు. మంచం కింద లేదు. సుజానా బ్యాగులో లేదు (వెతికినందుకు తిట్లు తిన్నాను). రాసిన చెత్త సీడీలు మాత్రం దొంతరగా అలాగే ఉన్నాయి.

"అమ్మా, బల్ల మీది సీడీ చూశావా?"

"రాయనిదా? సోడిసేలో కట్టినాను. పిట్టలు గింజ మిగల్నిత్తలేదు."

"అన్ని చెత్తవి ఉండగా అదే ఎందుకు తీశావే?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "వాటి మీద అచ్చరాలున్నాయి కదరా. అచ్చరం ఉన్నదాన్ని తీసుకెల్లి సేలో ఏలాడదీత్తానేటి? దేవుడి మాటై ఉంటే? పాపం కాదూ?"

అమ్మకి చదువు రాదు. కిరాణా పొట్లం కాగితాన్ని కూడా కాలితో తొక్కదు. చెత్త మీద నేనే రాశాను, బంగారాన్ని నేనే ఖాళీగా వదిలేశాను.

రాగి చేను దాకా పరుగెత్తాను. పురికొసతో వెదురు కర్రకి కట్టి ఉంది. రాత్రంతా గాలికి కర్రను కొట్టుకుని పై పూత లేచిపోయింది, గాజులాగా దానిలోంచి అవతలి కొండ కనిపిస్తోంది. ఆ కర్ర మీదే పిచ్చుక దర్జాగా కూర్చుని ఉంది.

"మంచి సరుకు కాదురా అది," అంది అమ్మ వెనక నుంచి. "ఒక్క పిట్టా బెదర్లేదు."

నవంబర్ 23

నా సిస్టమ్ ఫార్మాట్ చేశాను. ప్రతిజ్ఞలో 'ఎవరి సిస్టమూ' అని ఉంది. నేను 'ఎవరో' కాదు. కాబట్టి ప్రతిజ్ఞ భంగం కాలేదు.

నవంబర్ 27

చలి. వేళ్ళు కీబోర్డు మీద నిలబడడం లేదు. పైగా ఊరంతా కాఫీ పళ్ళు కోయడానికి పోతుంటే ఒక్కణ్ణే కూర్చుని సీడీలు చేయడం బాగోదు. నేనూ వెళ్ళాను. కొత్తగా మొదలుపెట్టడానికి మనసు కుదుటపడాలి కదా.

డిసెంబర్ 3, ఆదివారం

సిస్టర్ గుడికి రాలేదు. ఫోన్ చేసింది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"తాత రోజూ వస్తున్నాడు ఐజాక్. ఆ కంప్యూటర్ ముందు బెంచీ మీద కూర్చుంటున్నాడు. అడగడానికి మాట లేదు కదా. అలా తెరకేసి చూసి, బడి వదిలాక వెళ్ళిపోతున్నాడు."

అన్నం సయించలేదు. సిగ్గేసింది. నా ఒక్క సీడీ గొప్ప కోసం ఆ ముసలాయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను.

చూసేసరికి సుజానా బీరువా ముందు స్టూలు ఎక్కి ఉంది. సంచి దింపి దుమ్ము దులిపింది. "పన్నెండైతే ఏటండీ, బరువా? పొద్దున్నే బేగి ఎల్లండి."

డిసెంబర్ 4

పెదబయలు జీపు, పైన గంట నడక. చేతిలో సంచి. మూడో ప్రతిజ్ఞ కూడా పోయింది.

తాత బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. నేనే ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

ఒక సీడీ పెట్టాను. లాభం లేదు. ఇంకోటి. హార్డ్‌డిస్కు కరకరమంది. మరోటి. కిటికీ నిండా పిల్లల తలలు. చివరికి అడుగున లినక్స్ సీడీ. నిమిషం, రెండు నిమిషాలు... తెర వెలిగింది. విండోస్ చచ్చిపోయింది కానీ ఫైళ్ళు బతికే ఉన్నాయి! పాటల ఫోల్డర్ తెరిచాను. అన్నీ ఉన్నాయి!

మొదటిది నొక్కాను.

గదంతా తాత గొంతు. తాత స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. పాటలోని తాత పాడుతుంటే బెంచీ మీది తాత వింటున్నాడు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

రెండో పాటకి పిల్లలు గొంతు కలిపారు. కాస్త తప్పారు. తాత కళ్ళు తెరిచి, కాదని తలూపి, బల్ల మీద దరువు వేసి చూపించాడు. మళ్ళీ పాడారు. మళ్ళీ కాదన్నాడు. సాయంత్రం దాకా వదల్లేదు ఆ ముసలాయన!

డిసెంబర్ 6

పాటలు సీడీల్లోకి ఎక్కించాను. సిస్టర్‌కి, తాతకి, తాత తిరిగిన ప్రతి ఊరికీ ఒకటి. పాటలు నేర్చుకుంటున్న పిల్లల్లో భీముడు వాళ్ళ ఊరికి రెండు కావాలన్నాడు, ఇచ్చాను. ఒక్క చోటే ఉండబట్టే కదా ఇంత పనయింది.

ఖాళీ సీడీలు అయిపోయాయి. రవికుమార్‌కి మళ్ళీ చెప్పాను. ఈసారి డీవీడీలు! 4.7 జీబీ! టూల్స్ అన్నీ పట్టి ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.

కొత్త ప్రతిజ్ఞ, రేపటి నుంచే. ఒకే ఒక్క డిస్కు. మెనూలో టూల్స్ అన్నీ రెండో నంబర్ నుంచి మొదలు. చచ్చిపడున్న ఏ కంప్యూటర్‌లో పెట్టినా సరే, ఒకటి నొక్కగానే ముందు తాత పాడాలి.

అదెలా చేయాలో మాత్రం ఇంకా తెలియదు.