కొట్టం పావడా

శానటోరియం, ఆడవాళ్ల వార్డు
19 జనవరి 1936

ప్రియమైన అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. స్టీమరు దిగిన చోటికి మంచుబండి పంపారు. నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. పక్క మంచం మీద దోర్డి అని ఒకావిడ ఉంది, బాగా మాట్లాడుతుంది. నాకు మాట్లాడడం చేతకాదని మీకు తెలుసు కదా, వింటూ ఉంటాను.

వచ్చిన రోజే సిస్టరు నా రొమ్ములకు గుడ్డతో గట్టిగా కట్టు కట్టింది. మూడు రోజుల్లో పాలు ఎండిపోతాయి, బెంగపెట్టుకోకు అంది. ఇవాళ్టికి ఆరు రోజులు. బయట సముద్రపు పక్షి అరిస్తే చాలు, బిడ్డ ఏడ్చినట్టే ఉండి చేపుకొచ్చేస్తుంది. కట్టు తడిసిపోతుంది. సిస్టరు విసుక్కోదు, మళ్లీ కడుతుంది.

ఆస్లక్ సీసాతో తాగుతున్నాడా? మేకపాలలో సగం కాచిన నీళ్లు, చెంచా చక్కెర అని డాక్టరు చెప్పారు. నలుగుర్ని పెంచిన మీకు నేను చెప్పడమేమిటి? అయినా రాస్తున్నాను. అయిదు నెలలవాడికి ఒక్క పూటలో పాలు మాన్పించి వచ్చాను. తాగుతున్నాడని ఒక్క ముక్క రాస్తే చాలు.

మీ కోడలు
యోరున్

*

ఇంటి నుంచి
27 జనవరి

అమ్మాయీ యోరున్,

తాగడం లేదు. దాచి లాభం లేదు.

రబ్బరు పీక నోట్లో పెడితే నాలుకతో తోసేస్తాడు. చెంచాతో పోస్తే సగం మెడలోకి పోతుంది. పక్కింటి పెత్రా వచ్చి, "పీకకి తేనె రాసి చూడు మాలేనా" అంది. రాశాను. తేనె నాకేసి పీక ఉమ్మేశాడు. "మీ వంశం తెలివే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొహం పీక్కుపోయింది వాడికి. ఏడుపు కూడా సన్నబడింది.

మేకలకీ నీ మీదే బెంగ. నా భుజం పడిపోయాక రెండేళ్లుగా నువ్వే పిండావు కదా, నన్ను చూస్తే ఆ గూల మేక చేపదు. నిన్న బకెట్టు తన్నేసింది. ఆ పాలు కూడా లేకపోతే సీసాలో పోయడానికేముంది?

ఇదంతా నువ్వు చేసిన అలవాటు. పొయ్యి పక్కన కుర్చీ ఉంది. దాన్ని వదిలి కొట్టంలో మేకల మధ్య కూర్చుని పాలిచ్చావు. పైగా పాలు పితికేటప్పుడు కట్టే ఆ కంపు పావడాతో. ఉతుకు, ఉతుకు అని ఎన్నిసార్లు అన్నాను?

నీ మొగుడు ఓడ్వార్‌కి ఇది రాయలేదు. చేపల వేట ఏప్రిల్ దాకా సాగుతుంది. పడవలో ఉన్నవాడు విని ఏం చేస్తాడు?

మాలేనా

*

3 ఫిబ్రవరి

ప్రియమైన అత్తయ్యకు,

మీరు తిట్టింది న్యాయమే. మొహం మీద చెప్పలేనిది కాగితం మీద చెబుతాను.

మన వంటిల్లు ఒకటే గది. పడవ వాళ్లు వస్తారు, పెత్రా వస్తుంది, మీరుంటారు. మీ ముందు రవిక బొత్తాలు విప్పడానికి నాకు సిగ్గు. పుట్టిన వారమే మీరు ఒకసారి చూసి, "ఆ పట్టుకోవడం ఏమిటి, వాడి ముక్కు మూసుకుపోతోంది" అన్నారు. మంచికే అన్నారు. ఆ తర్వాత ఎవరి ముందూ ఇవ్వలేకపోయాను. కొట్టంలో వెచ్చగా ఉంటుంది. మేకలు ఏమీ అనవు. పాలు పితకడం కాగానే అక్కడే గడ్డి మీద కూర్చునేదాన్ని.

ఈ పొట్లంలో నా రవిక ఉంది. ఉతకలేదు. కట్టు కింద వేసుకున్నదే, పాల చారలు అలాగే ఉన్నాయి. వాడి తల కింద పెట్టి సీసా పట్టండి. ఇక్కడి నుంచి ఉడకబెట్టకుండా ఏదీ బయటికి పోకూడదట. దోర్డి చెల్లెలు కోటు లోపల దాచి తీసుకెళ్లి పోస్టు చేసింది. "పట్టుబడితే నాదే అంటాను, నా సైజు చూసి ఎవరూ నమ్మరు గానీ" అంది దోర్డి.

నేను గుడ్డలోకే దగ్గుతాను అత్తయ్యా. రవిక మీద ఎప్పుడూ దగ్గలేదు.

యోరున్

*

12 ఫిబ్రవరి

అమ్మాయీ యోరున్,

పొట్లం అందింది. వాడు తాగుతున్నాడు. మొదటి రోజు రెండు వేళ్ల మందం, మర్నాడు నాలుగు. ఇవాళ సీసా ఖాళీ చేసి ఇంకా కావాలని అరిచాడు. సీసా, పీక పూటపూటకీ మరగబెడుతున్నాను.

ఏడవకు. అన్నం మానకు.

మాలేనా

*

20 ఫిబ్రవరి

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం దోర్డికి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి, "నాకూ కంఠతా వచ్చింది, ఇక నేను నీకు చదువుతా" అంది.

రవిక వాడి తల కిందే ఉండనివ్వండి, ఉతకకండి. నేను అక్కడ ఉన్నట్టే ఉంటుంది వాడికి. నా పాలు ఎండిపోయాయి. కట్టు తీసేశారు. అదేం బాధ అనిపించలేదు. వాడు నా రవిక మీద తల పెట్టి తాగుతున్నాడని అనుకుంటే చాలు, జ్వరం ఉన్న పూట కూడా గంజి తాగేస్తున్నాను.

యోరున్

*

2 జూన్

అమ్మాయీ యోరున్,

ఆదివారం వాణ్ణి ఎత్తుకుని నిన్ను చూడ్డానికి వస్తే, అద్దం అవతల నుంచి సైగ చేసి అడిగావు, రవిక ఏదీ అని. నేను తల తిప్పేసుకున్నాను. నీకు అర్థమయ్యే ఉంటుంది, అయినా చెప్పాలి.

పొట్లం విప్పకుండానే పొయ్యిలో పడేశాను. నా చెల్లెలు ఇదే క్షయ జబ్బుతో పోయినప్పుడు మంచి శాలువా అని దాచుకున్నాం. మరుసటి శీతాకాలానికి దాన్ని కప్పుకున్న ఇద్దరు పోయారు. అది నీతో ఎలా రాయను? నీ రవికతోనే తాగుతున్నాడని నేను రాయలేదు. నువ్వు అనుకున్నావు, నేను అనుకోనిచ్చాను.

జరిగింది ఇది. గూల చేపడం లేదని నీ కొట్టం పావడా కట్టుకుని వెళ్లాను. వాసన చూసింది, నిలబడింది, ధారగా ఇచ్చింది. లోపల పిల్లాడు ఏడుపు కూడా మానేసి పడున్నాడు. పావడాలోనూ జబ్బుంటుందేమో అనుకున్నాను, కానీ ఆకలికి పోతాడన్న భయమే ఎక్కువైంది. పావడా మార్చుకోకుండానే ఒళ్లోకి తీసుకున్నాను. వాడు మొహం అటు తిప్పి ఆ కంపులోకి ముక్కు దూర్చాడు. పీక పెట్టాను. పట్టుకున్నాడు. అప్పటి నుంచి పాలు పట్టేటప్పుడల్లా అదే కడుతున్నాను. రెండేళ్లు నిన్ను తిట్టింది ఈ పావడాకే.

దారిలో పాలు పట్టాలి కదా, అందుకే ఆదివారం కూడా కట్టుకొచ్చాను. స్టీమరులో ఒకాయన, "మేకల్ని కింది అరలో కట్టాలమ్మా" అన్నాడు. "ముందు నువ్వు దిగి చోటు చూపించు" అన్నాను.

ఇంకోటి. నువ్వు అద్దం మీద చేతులు పెట్టి పిలిస్తే వాడు బెదిరి నా ఒళ్లో దాక్కున్నాడు. అది మనసులో పెట్టుకోకు. వాడు దాక్కున్నది నీ పావడాలోనే.

నీ సిగ్గు సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, పాలిచ్చే వేళకి నేనే ఆ కొట్టంలోకి పోయి కూర్చునేదాన్ని. వంటిల్లు నీకు వదిలేదాన్ని.

మీ అత్త
మాలేనా

*

9 జూన్

ప్రియమైన అత్తయ్యకు,

రవిక తగలబెట్టి మంచి పని చేశారు. నేనే నా చేత్తో వాడికి ఈ జబ్బు పంపాను కదా. మీరు లేకపోతే ఏమయ్యేదో!

శుక్రవారం మళ్లీ ఊపిరితిత్తుల ఫోటో తీశారు. రెండో పక్కకూ పాకిందట. ఇంటికెప్పుడు అని అడిగాను. వేసవికి చూద్దాం అన్నారు డాక్టరు. కిటికీలోంచి చూస్తే ఇదే వేసవి. ఓడ్వార్‌కి నేనే రాస్తాను. మీరు ముందు చెప్పకండి.

ఆదివారం వాడు సీసా రెండు చేతులతో తనే పట్టుకోవడం చూశాను. కాళ్లు లావయ్యాయి. నన్ను చూసి బెదిరితే కష్టమనిపించింది, అబద్ధమెందుకు? కానీ మీ ఉత్తరం వచ్చాక అదే ఆలోచిస్తున్నాను. నా వాసన ఉన్నంతకాలం అక్కడ లేని మనిషిని వాడు వెతుక్కుంటాడు. వాణ్ణి బతికించిన మనిషి ఎదురుగానే ఉంది.

ఆ పావడా ఉతికేయండి అత్తయ్యా. వేడినీళ్లలో సోడా వేసి రెండుసార్లు ఉతకండి. మీ మీద మీ వాసనే ఉండాలి. వాడు రెండు పూటలు పేచీ పెడతాడేమో, తర్వాత తాగుతాడు.

గూల కూడా కొన్నాళ్లు తంతుంది. తన్ననివ్వండి.

మీ
యోరున్